డిస్కు కొన్నా డౌన్‌లోడ్ తప్పలేదు: అనంతపురంలో ఉంటూ చవగ్గా కంప్యూటర్ గేమ్‌లు కొన్న నా అనుభవం

కొత్త కంప్యూటర్ కోసం విడిభాగాలన్నీ బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో కొని, అనంతపురం తెచ్చి, ఇక్కడ తెలిసినతని దగ్గర అసెంబుల్ చేయించాను. మెషిన్ బ్రహ్మాండంగా వచ్చింది, కానీ క్యాబినెట్‌లో డీవీడీ డ్రైవ్ పెట్టే జాగా లేదు. ఇప్పుడొచ్చే వాటిలో చాలావాటికి ఉండదు. నా దగ్గరేమో అట్టపెట్టె నిండా గేమ్ డిస్కులున్నాయి, కాలేజీ రోజుల నుంచి పాకెట్ మనీ దాచుకుని కొన్నవి, ఒక్కటి కూడా గీత పడకుండా చూసుకున్నవి. వాటికోసమని యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవ్ ఒకటి తెప్పించాను. ఆ డిస్కుల్లో ఏవి ఇంకా పనిచేస్తాయి, ఏవి మళ్ళీ కొనాలి, కొంటే డిస్కు కొనాలా డౌన్‌లోడ్ కొనాలా, ఇదంతా తేల్చుకునేసరికి చాలా నెలలే పట్టింది. మా ఆఫీసులో కుర్రాళ్ళు, చుట్టాల పిల్లలు ఇదే అడుగుతుంటారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు డిస్కులే ఎందుకు కొన్నానో చెప్పాలి, ఎందుకంటే అప్పట్లో మాకు అదే చవక. స్టీమ్ అనేది, అంటే ఇప్పుడు గేమ్‌లు డౌన్‌లోడ్‌గా అమ్మే ఆన్‌లైన్ స్టోర్, 2003లోనే వచ్చింది, కానీ మన దేశంలో రూపాయల్లో ధరలు పెట్టింది 2015 చివర్లో. అప్పటిదాకా అన్నీ డాలర్లలోనే. పెద్ద గేమ్ అంటే 60 డాలర్లు, అప్పటి లెక్కన మూడున్నర వేల పైమాటే. అదే గేమ్ డిస్కులు డబ్బాలో పెట్టి ఇండియాలో అమ్మే కాపీ వెయ్యి రూపాయల చుట్టూ దొరికేది. పాతబడితే ఐదు వందలకు కూడా ఇచ్చేవాళ్ళు. ఆ డాలర్లు కట్టడానికి స్టూడెంట్ చేతిలో క్రెడిట్ కార్డు ఎక్కడిది?

రెండో కారణం నెట్. అప్పుడు ఇంట్లో ఉన్నది ల్యాండ్‌లైన్ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్. నెలకు ఇన్ని జీబీలని ఒక హద్దు, అది దాటితే స్పీడు 512 కేబీపీఎస్‌కు పడిపోయేది. జీటీఏ 5 అనే గేమ్ పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చింది, సైజు 65 జీబీ. ఆ స్పీడులో పగలూ రాత్రీ ఆపకుండా పెట్టినా పదకొండు రోజులు దాటుతుంది, అది కూడా మధ్యలో కరెంటు పోకుండా ఉంటే. అందుకే ఆ గేమ్ డబ్బా కొన్నాను. లోపల 7 డీవీడీలు. ఒక్కోటీ పెట్టడం, తీయడం, ఇంకోటి పెట్టడం, డ్రైవ్ కూతపెడుతూ తిరగడం. తీరా అన్నీ ఎక్కించాక డబ్బాలో ఇచ్చిన కోడ్ కొట్టి ఆన్‌లైన్‌లో యాక్టివేట్ చేయమంది, ఆ తర్వాత అప్‌డేట్ అంటూ మళ్ళీ జీబీల కొద్దీ దించమంది. నెట్ తప్పించుకోవాలని డిస్కు కొంటే నెట్ లేకుండా గేమ్ మొదలే కాలేదు.

ఇది ఆ ఒక్క గేమ్ సంగతి అనుకోకండి. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ 5 పీసీ డబ్బాలో డిస్కు ఉంది కానీ ఆ డిస్కులో గేమే లేదు, స్టీమ్ ఇన్‌స్టాలర్ మాత్రమే ఉంది, కొన్ని ఎంబీలు, అంతే. గేమంతా దించుకోవాల్సిందే. అప్పటికే కంప్యూటర్ గేమ్ డబ్బా అంటే కోడ్ రాసిన కాగితానికి పైన తొడిగిన ప్లాస్టిక్ అయిపోయింది.

అయితే కొన్ని డబ్బాలంటే నాకు ఇప్పటికీ ప్రాణం. ది విచర్ 3 డబ్బా తీసి చూపిస్తే ఎందుకో తెలుస్తుంది. పై అట్ట తొడుగు లాగితే లోపల డీవీడీలు, గేమ్‌లోని దేశం మ్యాపు మడతపెట్టి ఉంటుంది, సంగీతం వేరే సీడీలో, ఆ ప్రపంచం గురించి చిన్న పుస్తకం, స్టిక్కర్లు, చివర్లో తయారుచేసినవాళ్ళు కొన్నవాళ్ళకు థాంక్స్ చెప్తూ రాసిన ఉత్తరం. ఇవేవీ ఖరీదైన స్పెషల్ ఎడిషన్‌వి కావు, మామూలు కాపీలోనే ఇచ్చారు. ఆ మ్యాపు మడతల దగ్గర తెల్లబడింది, నేను అన్నిసార్లు విప్పాను మరి. కానీ గేమ్ మాత్రం ఇప్పుడు ఆ డీవీడీల నుంచి ఎక్కించలేదు. డబ్బాలో ఉన్న కోడ్ గోగ్ అనే స్టోర్‌ది, ఎప్పుడో 2015లో నా అకౌంట్‌లో కొట్టేశాను కాబట్టి గేమ్ అక్కడే ఉంది. కొత్త అప్‌డేట్లన్నీ కలిపిన తాజా కాపీ నేరుగా దించుకున్నాను. డీవీడీల్లో ఉన్నది విడుదల రోజు నాటి గేమ్, దాని మీద ఏడేళ్ళ తర్వాత కూడా, 2022 డిసెంబరులో, పెద్ద అప్‌డేట్ ఇచ్చారు.

ఇక నన్ను బాగా బాధపెట్టింది కార్ల రేసింగ్ గేమ్ నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్. 2005లో వచ్చిన అసలుది. మా తరంలో ఆర్ట్స్ కాలేజీ దగ్గరి నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి ఆడినవాళ్ళకు దాని గురించి నేను చెప్పేదేముంది. ఉద్యోగం వచ్చాక ఒరిజినల్ డిస్కు వెతికి మరీ కొన్నాను. కొత్త మెషిన్‌లో యూఎస్‌బీ డ్రైవ్ పెట్టి ఇన్‌స్టాల్ చేస్తే అంతా సాఫీగా ఎక్కింది, ఆడదామని క్లిక్ చేస్తే మాత్రం తెరుచుకోదు. డిస్కు మెరుస్తోంది, గీతల్లేవు. లోపం డిస్కుది కాదు. అప్పట్లో కాపీ కొట్టకుండా సేఫ్‌డిస్క్ అనే తాళం వేసేవాళ్ళు, దానికోసం విండోస్ లోపల డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఉండేది. ఆ డ్రైవర్ వల్ల సెక్యూరిటీకి ప్రమాదమని మైక్రోసాఫ్ట్ విండోస్ 10 నుంచి దాన్ని ఇవ్వడం మానేసింది. డబ్బు పెట్టి ఒరిజినల్ కొన్నవాడికి గేమ్ నడవదు, దొంగ కాపీలో ఆ తాళం ముందే తీసేసి ఉంటుంది కాబట్టి అది నడుస్తుంది. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

పోనీ డౌన్‌లోడ్ కొందామంటే, నేను వెతికిన ఏ స్టోర్‌లోనూ అది అమ్మకానికి లేదు. కార్ల కంపెనీల లైసెన్సులు, పాటల లైసెన్సులు ఉన్న గేమ్‌లకు ఇదో జబ్బు. అదే సిరీస్‌లో కార్బన్, అండర్‌కవర్ లాంటివి 2021 మేలో ఆన్‌లైన్ స్టోర్ల నుంచి తీసేశారు. జీటీఏ 4 విడుదలై పదేళ్ళయ్యాక, 2018లో, పాటల హక్కులు ముగిశాయని అప్‌డేట్ ద్వారా గేమ్‌లో వినిపించే రేడియోలోంచి చాలా పాటలు తీసేశారు, అప్పటికే డబ్బు కట్టి కొన్నవాళ్ళ కాపీల్లోంచి కూడా. డిస్కు మీద అచ్చయింది అలా చేయి పెట్టి తీయలేరు. ఇక్కడ డిస్కు గొప్ప డిస్కుదే, దాన్ని నేను కాదనను. అందుకే విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటర్‌ని పాత సామాన్లవాడికి వేయకుండా ఆ గేమ్ కోసం, అలాంటి మరికొన్నిటి కోసం ఉంచాను, దానికి నెట్ మాత్రం ఇవ్వను.

పాత డిస్కుల సంగతి అలా తేలాక, కొత్తగా కొనేవి చవగ్గా ఎక్కడ దొరుకుతాయని చూశాను. సుభాష్ రోడ్డులో, సప్తగిరి సర్కిల్ చుట్టుపక్కల ఒకప్పుడు గేమ్ డబ్బాలు పెట్టిన షాపుల్లో ఇప్పుడు మొబైల్ కవర్లు, ఇయర్‌ఫోన్లే ఉన్నాయి. ఒకతను, "ఇప్పుడెవరు కొంటారన్నా, నాలుగేళ్ళ కింద తెచ్చినవే అమ్ముడుపోక వెనక్కి పంపినా" అన్నాడు. ఆన్‌లైన్‌లో మాత్రం పీసీ గేమ్ డబ్బాలు సగం ధరకూ పావు ధరకూ పాత స్టాకు అని కనిపిస్తుంటాయి. అలా ఒకటి తెప్పించాను. సీలు చింపి, కాగితం మీది కోడ్ స్టీమ్‌లో కొడితే 'డూప్లికేట్ ప్రొడక్ట్ కోడ్' అని వచ్చింది. అంటే ఆ కోడ్ ఇంకెవరో వాడేశారు. అమ్మినవాడికి మెసేజ్ పెడితే సీలు విప్పాక తనకు సంబంధం లేదన్నాడు. నేను డబ్బా విప్పేటప్పుడే ఫోన్‌లో వీడియో తీసి ఉంచాను, స్క్రీన్ మీద వచ్చిన మెసేజ్ ఫోటో కూడా ఉంది, ఆ రెండూ పెట్టి కస్టమర్ కేర్ వెంట పడితే చివరికి డబ్బు వెనక్కి వచ్చింది. వీడియో లేకపోతే వచ్చేది కాదు. కోడ్ ఉన్న డబ్బా ఏది కొన్నా, ఎంత చవకైనా, విప్పేటప్పుడు వీడియో తీయండి.

సెకండ్ హ్యాండ్ పీసీ డబ్బాల జోలికి మాత్రం పోనే పోకండి. కోడ్ ఒక అకౌంట్‌కి ఒకసారి కట్టేశారంటే అంతే, ఆ డబ్బాలో ఇక గేమ్ లేదు. దీన్ని ప్లేస్టేషన్ డిస్కులతో కలిపి ఆలోచించేవాళ్ళు చాలామంది ఉన్నారు. మా పెద్దనాన్న కొడుకు సాయినగర్‌లో ఉంటాడు, వాడి దగ్గర ప్లేస్టేషన్ 4 అనే గేమ్ కన్సోల్ ఉంది. వాడు రెండున్నర వేలకు డిస్కు కొంటాడు, నెలలో ఆడేస్తాడు, పద్దెనిమిది వందలకు అమ్మేస్తాడు, ఆ డబ్బుకి ఇంకొంత వేసి ఇంకోటి తెస్తాడు. ఏడు వందల్లో గేమ్ అయిపోయినట్టే. కన్సోల్ ఉన్నవాళ్ళకు డిస్కే లాభమని నేనూ ఒప్పుకుంటాను. "నీ స్టీమ్‌లో అన్ని గేమ్‌లున్నాయి కదా, ఒక్కటైనా అమ్మి చూపించురా" అంటాడు వాడు. అమ్మలేను. ఆ మాటకు నా దగ్గరున్న జవాబు ఒకటే, నేను కొనే ధరే నాలుగు వందలు, ఐదు వందలు, అందులో మళ్ళీ అమ్మడానికి ఏముంది?

ఆ ధరకు కొనాలంటే ఓపిక పట్టాలి. స్టీమ్‌లో పెద్ద సేల్స్ ఏడాదికి నాలుగు, మార్చిలో ఒకటి, జూన్ చివర్లో సమ్మర్ సేల్, శరదృతువులో ఒకటి, డిసెంబరు చివర్లో వింటర్ సేల్. మధ్యలో చిన్నవి నడుస్తూనే ఉంటాయి. కావాల్సిన గేమ్ విష్‌లిస్ట్‌లో పెట్టుకుంటే ధర తగ్గినరోజు మెయిల్ వస్తుంది. నేను అక్కడితో ఆగను, స్టీమ్‌డీబీ అనే సైట్‌లో ఆ గేమ్ రూపాయల్లో ఇప్పటిదాకా ఎంత తక్కువకు పోయిందో చూస్తాను. 60 శాతం తగ్గింపు అని ఆకుపచ్చ రంగులో వెలిగిపోతుంటుంది, చూస్తే పోయిన డిసెంబరులో అదే గేమ్ 75 శాతం తగ్గింపుకు ఇచ్చి ఉంటారు. విచర్ 3 కంప్లీట్ ఎడిషన్ 80 శాతం తగ్గింపుకు ఎన్నోసార్లు వచ్చింది. ఒకసారి అంత తగ్గిందంటే తర్వాతి పెద్ద సేల్‌లో మళ్ళీ దాదాపు అక్కడికే వస్తుంది. రోజూ పనికి పోయి వచ్చేవాళ్ళకు ఆరు నెలలు ఆగడం పెద్ద విషయం కాదు, ఆలోపు ఆడటానికి లైబ్రరీలో, అంటే అకౌంట్‌లో కొన్న గేమ్‌ల జాబితాలో, ఇంకా బోలెడుంటాయి. ఎపిక్ అనే ఇంకో ఆన్‌లైన్ స్టోర్‌లోనైతే వారం వారం ఏదో ఒక గేమ్ ఫ్రీగా ఇస్తారు, 2020 మేలో జీటీఏ 5 కూడా అలాగే ఇచ్చారు, 7 డీవీడీలు కొన్న నేను దాన్ని కూడా తీసి అకౌంట్‌లో వేసుకున్నాను.

డబ్బు కట్టడం యూపీఐతో అయిపోతుంది, ఫోన్‌పేతో కిరాణాకొట్లో కట్టినట్టే. ఇప్పుడు ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది కాబట్టి ఒకప్పుడు పదకొండు రోజులు అనుకున్న 65 జీబీ గంటన్నరలో దిగుతుంది. కరెంటు పోయినా ఎక్కడ ఆగిందో అక్కడినుంచే మళ్ళీ మొదలవుతుంది. ఒక గేమ్ నా గ్రాఫిక్స్ కార్డుకు పడక తెర ఆగి ఆగి ఆడితే, రీఫండ్ అడిగాను. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకుండా ఉంటే స్టీమ్ ఏ కారణానికైనా తిరిగి ఇస్తుంది. డబ్బులు వాలెట్‌లోకి తీసుకుని వేరే గేమ్ కొన్నాను. సీలు విప్పిన డిస్కుకు ఏ షాపువాడు ఇస్తాడీ సౌకర్యం? ఇంట్లో మా తమ్ముడికి వేరే అకౌంట్ ఉంది, స్టీమ్ ఫ్యామిలీస్ అని 2024లో వచ్చిన సౌకర్యంలో ఒకే ఇంట్లో ఉండే ఆరుగురిదాకా లైబ్రరీలు కలుపుకోవచ్చు, నేనొక గేమ్ ఆడుతుంటే వాడు నా లైబ్రరీలోంచే ఇంకొకటి ఆడతాడు. ఇద్దరం ఒకేసారి ఒకే గేమ్ ఆడాలంటే మాత్రం రెండు కాపీలు కొనాల్సిందే. వాడి ల్యాప్‌టాప్‌కి గేమ్ ఎక్కించడానికి మళ్ళీ నెట్ నుంచి దించక్కర్లేదు, రెండూ ఒకే వైఫైలో ఉంటే నా మెషిన్ నుంచే కాపీ అవుతుంది.

నెట్ లేనివాళ్ళ సంగతేంటి అని అడుగుతారు. మా మేనత్త కొడుకు కళ్యాణదుర్గం వైపు పల్లెలో ఉంటాడు. "అన్నా, మా ఊర్లో ఫైబర్ యాడుంది, ఫోన్‌లో దినానికి రెండు జీబీ, అంతే" అన్నాడు. వాడు తన అకౌంట్‌లో తను కొన్న గేమ్‌లే, మా ఇంటికొచ్చి నా మెషిన్‌లో లాగిన్ అయి దించుకున్నాడు. స్టీమ్‌లోనే గేమ్ ఫైళ్ళను బ్యాకప్ తీసే ఆప్షన్ ఉంది, దాంతో హార్డ్ డిస్కులోకి ఎక్కించుకుని, ఊర్లో తన కంప్యూటర్‌లో రీస్టోర్ చేసుకున్నాడు. తర్వాత అడిగిన చిన్న అప్‌డేట్ ఫోన్ డేటాతో సరిపోయింది. ఆ గేమ్‌ల డబ్బాలు కొని ఉన్నా వాడు దీనికంటే ఎక్కువే దించాల్సి వచ్చేది. రెండు ఊళ్ళ మధ్య బస్సులో వెళ్ళొచ్చే ఆ హార్డ్ డిస్కే వాడికి ఇప్పుడు గేమ్‌ల షాపు.

అయితే ఒక భయం నాకు కూడా ఉంది, దాన్ని దాచి డౌన్‌లోడ్‌ని పొగడటం సరికాదు. స్టీమ్‌లో మనం కొనేది గేమ్ కాదు, ఆడుకునే లైసెన్సు. 2024 అక్టోబరు నుంచి కార్ట్‌లోనే ఆ మాట రాసి పెడుతున్నారు, డిజిటల్ వస్తువులు అమ్మేవాళ్ళు ఈ సంగతి స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియాలో చట్టం చేయబట్టి. కార్ల రేసింగ్ గేమ్ ది క్రూ సర్వర్లు 2024 మార్చి 31న ఆపేశారు, అది ఎప్పుడూ ఆన్‌లైన్‌లో ఉంటేనే ఆడే గేమ్ కాబట్టి ఆ రోజుతో అందరికీ పోయింది, డౌన్‌లోడ్ కొన్నవాళ్ళకూ, డిస్కు కొని బీరువాలో పెట్టుకున్నవాళ్ళకూ. దానిమీద కోపంతోనే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం మొదలైంది. ఇంకో కార్ల గేమ్ ఫోర్జా హొరైజన్ 4 అమ్మకం 2024 డిసెంబరులో ఆపేశారు, కానీ అంతకుముందు కొన్నవాళ్ళు ఇప్పటికీ దించుకుని ఆడుకోవచ్చు. అంటే డిస్కా డౌన్‌లోడా అన్నదానికంటే, సర్వర్ లేకపోతే ఈ గేమ్ తెరుచుకుంటుందా అన్నదే అసలు చూడాల్సింది. ఇప్పుడు నేను ఏది కొనే ముందైనా స్టోర్ పేజీలో అదే చదువుతాను. ఒంటరిగా ఆడుకునే కథ ఉన్న గేమ్‌కి కూడా ఎప్పుడూ నెట్ ఉండాలంటే, ఎంత తగ్గించినా కొనను.

ఈ కారణంతోనే, ఒకే గేమ్ స్టీమ్‌లోనూ గోగ్‌లోనూ ఉంటే నేను గోగ్ వైపు వెళ్తాను, యాభై వంద ఎక్కువైనా సరే. అక్కడ ఏ తాళమూ ఉండదు. ఇన్‌స్టాలర్ ఫైళ్ళే మనకిస్తారు. ఒక సెటప్ ఫైలు, పెద్ద గేమైతే దాని పక్కన 4 జీబీ చొప్పున ముక్కలు. అవన్నీ హార్డ్ డిస్కులోకి దించుకుని, నెట్ వైరు పీకేసి, పాత ల్యాప్‌టాప్‌లో ఎక్కించి చూశాను. లాగిన్ అడగలేదు, కోడ్ అడగలేదు, గేమ్ మొదలైంది. ఆ 4 జీబీ ముక్క ఒక్కోటీ ఒక్కో మామూలు డీవీడీలో పడుతుంది, కావాలంటే మన డిస్కు మనమే రాసుకోవచ్చు. నేను పాత గేమ్‌లు కొన్ని అలాగే రాసి పెట్టాను, పెన్నుతో పేరు, తేదీ వేసి. ఇబ్బంది ఒకటుంది, నేను కొన్నప్పుడు అక్కడ ధరలు డాలర్లలోనే ఉన్నాయి కాబట్టి కార్డులో విదేశీ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి, 2020 నుంచి మన బ్యాంకులు ఇచ్చే కార్డుల్లో అవి ఆఫ్‌లోనే వస్తున్నాయి, పైగా బ్యాంకు తన ఫీజు వేసి దానిమీద జీఎస్టీ కూడా వేస్తుంది. అందుకే చిన్నవి విడివిడిగా కొనకుండా సేల్ వచ్చినప్పుడు కలిపి కొంటాను, కొన్నరోజే ఆన్ చేసి, అయిపోగానే ఆఫ్ చేస్తాను.

గోగ్‌వాళ్ళే 2024 నవంబరులో వంద పాత గేమ్‌లతో ఒక ప్రిజర్వేషన్ ప్రోగ్రామ్ పెట్టారు, అందులోవి కొత్త విండోస్‌లలో కూడా నడిచేలా వాళ్ళే చూసుకుంటామన్నారు. 2025 జనవరిలో డ్రీమ్‌లిస్ట్ అని ఒక పేజీ పెట్టారు, ఏ పాత గేమ్ తిరిగి తేవాలో మనం ఓటు వేయొచ్చు. ఓట్లు వస్తే హక్కులున్న కంపెనీతో మాట్లాడటానికి వాళ్ళకు అదొక ఆధారం. నేను 2005 మోస్ట్ వాంటెడ్‌కి వేశాను. అకౌంట్ ఉంటే చాలు, పైసా కట్టక్కర్లేదు, మీరూ వేయండి.